పది అంగుళాల బోవీ కత్తి: తోటలో, ఇంట్లో దేనికి పనికొస్తుంది?

పొదలకూరు_నిమ్మతోట

బోవీ మోడల్ కత్తి ఒకటి ఇంట్లో ఊరికే పడి ఉంది. బ్లేడు 10 అంగుళాలు, వెడల్పు అంగుళమున్నర, వీపు మందం 5 మిల్లీమీటర్లు, బరువు అర కేజీ పైచిలుకు. స్టీలు 1095 (కార్బన్ ఎక్కువున్న ఉక్కు రకం) అని బ్లేడు మీద కొట్టి ఉంది. ఇనుము పిడి చివరిదాకా పోయింది, రెండు పక్కలా చెక్క, ఇత్తడి రివెట్లు. పిడి ముందర ఇత్తడి అడ్డు. మొన దగ్గర వీపు లోపలికి వంపు తిరిగి సూదిగా తేలింది.

పనులు చూస్తే నిమ్మతోట, గట్టు మీద సరుగుడు, కంచె పొడుగునా చిల్లకంప. ఇంటి దగ్గర కొబ్బరి, వేసవిలో తాటికాయలు. వీటిలో దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు? పదును ఎట్టా పెట్టాలి? తుప్పు చుక్కలు అప్పుడే మొదలైనాయి. ఇంకోటి, ఇంత పొడుగు కత్తి దగ్గర ఉంచుకుంటే పోలీసు గొడవ ఏమన్నా ఉంటుందా?

కందుకూరు_మెట్ట

అన్నా, ఆ కత్తికి పేరొచ్చిందే కొట్లాటలో. 1827లో మిసిసిపీ నది ఇసుకతిప్ప మీద జరిగిన గొడవలో జిమ్ బోవీ చేతిలో ఉండబట్టి అమెరికా అంతా తెలిసింది. ఆ ఇత్తడి అడ్డు, సూది మొన అందుకు పెట్టినవే. మన పనికి ఆ రెండే అడ్డం.

నరకడానికి దీన్ని నమ్ముకోవద్దు, చీల్చడానికి వాడండి. మచ్చుకత్తికి బరువంతా ముందుకి ఉంటది కాబట్టి విసిరితే దెబ్బ దానంతట అదే పడతది. బోవీ తూకం అడ్డుకి రెండంగుళాల ముందరే ఆగిపోతది. బొటనవేలంత పచ్చి కొమ్మ ఏటవాలుగా కొడితే ఒక్క దెబ్బకి తెగుతుంది. మణికట్టంత లావుకి పోతే చెయ్యి నొప్పి తప్ప ఏం రాదు.

పొయ్యిలోకి పుల్లలు చీల్చేటప్పుడు ముక్క అడుగు పొడవు, నాలుగంగుళాల లావు దాటకుండా చూసుకోండి. కింద మొద్దు వేసి, ముక్కని దాని మీద నిలబెట్టండి. అంచు ముక్క తల మీద ఆనించి, వీపు మీద చెక్క సుత్తితో కొట్టండి. ఇనుప సుత్తి ముట్టుకోవద్దు, వీపు రేగిపోయి ఆ ముక్కలు కంట్లోకి ఎగురుతాయి. బ్లేడు లోపలికి దిగాక బయటికి కనపడే మొన వైపు కొట్టాలి, పిడిని మాత్రం అదే ఎత్తున గట్టిగా పట్టుకోవాలి. పిడి వదులైతే దెబ్బ జోరు అంతా రివెట్ల మీద పడతది. కత్తి ఇరుక్కుంటే పక్కకి వంచి పెకలించొద్దు. చీలికలో చెక్క చీల దిగగొడితే అదే వదులుతుంది. కణుపు ఉన్న ముక్కని పక్కన పెట్టేయండి. పచ్చి సరుగుడు పరవాలేదు. ఎండిన మొద్దుకి మాత్రం గొడ్డలే.

వెదురు బద్దలకి ఇది మంచి కత్తి. బొంగుని ముందు సగానికి, ఆ సగాలను మళ్ళీ సగానికి చెయ్యాలి. ఒకేసారి మూడో వంతు తియ్యబోతే చీలిక సన్న పక్కకి పారిపోయి ఒక బద్ద లావు, ఒకటి ఈనె అవుతుంది. అట్టా పారుతుంటే లావు పక్కని వంచి లాగండి, చీలిక నడిమికి వస్తుంది. వెదురు పైతోలులో సిలికా ఉంటుంది, పది బొంగులకి పదును చచ్చిపోతుంది. రాయి దగ్గర పెట్టుకుని కూర్చోండి.

గుంజలు చెక్కడానికి కూడా బాగుంటుంది. మొనకి మూడు ముఖాలు చాలు. చివర సూదిగా వదలకుండా పావు అంగుళం మొద్దు చెయ్యండి, లేకపోతే గట్టి నేలలో మొన నలిగి గుంజ వంకరగా దిగుతుంది. పైన సుత్తి పడే తలకి చుట్టూ అంచు చెక్కేస్తే చీలదు.

కొబ్బరికాయ పగలగొట్టడానికి అంచు వద్దు, 5 మిల్లీమీటర్ల వీపు ఉంది గదా. పీచు తీసిన కాయని ఎడమ అరచేతిలో పెట్టుకుని, నడిమి గీత మీద వీపుతో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ కాయని తిప్పండి. ఒక చుట్టు తిరిగేసరికి చప్పుడు మారుతుంది, మరో రెండు దెబ్బలకి రెండు చిప్పలు. అప్పుడు అంచు మన మొహం వైపు ఉంటుంది, కత్తిని జానెడు కంటే ఎత్తు లేపొద్దు. ఎండుకాయ పీచు తియ్యడానికి మొన గుచ్చి తిప్పితే విరిగేది మొనే, దానికి గడ్డపార ఉంది. తాటికాయని చేతిలో పట్టుకుని కొట్టొద్దు, మొద్దు మీద పక్కకి పడుకోబెట్టి తల వైపు పల్చగా పొర పొరగా తీసుకుంటూ వస్తే ముంజ తెగకుండా కనపడుతుంది.

కంచె_మరమ్మతు

చిల్లకంపకి ఈ కత్తి ఎత్తితే ముందు తెగేది మీ చెయ్యే. పది అంగుళాల బ్లేడుతో కొట్టాలంటే ముంజేయి కంపలోకి పోవాలి. నాలుగడుగుల కర్రకి బిగించిన కొడవలి ఒకటి, కొమ్మ లాగి పట్టడానికి కొక్కెం కర్ర ఒకటి ఉంటే చాలు. కాళ్ళకి బూట్లు వేసుకోండి, ఆ ముల్లు రబ్బరు చెప్పుని లెక్క చెయ్యదు. పైన ఎంత నరికినా మొదలు నుంచి మళ్ళీ గుబురుగా లేస్తుంది కాబట్టి, పోవాలంటే వేరుబుడిపె తవ్వి తియ్యాల్సిందే. అక్కడ బోవీకి పని లేదు, మట్టిలో ఒక్క రాయి తగిలితే అంచు కొరుకుడు పడుతుంది.

నిమ్మ కొమ్మలకీ కత్తి వద్దు. కత్తి దెబ్బకి బెరడు చీరుకుపోయి, ఆ గాయంలోంచి బంక తెగులు ఎక్కుతుంది. వేలంత వాటికి కత్తెర, అంతకు మించితే రంపం. లావు కొమ్మకి ముందు కింది నుంచి మూడో వంతు కోసి, రెండంగుళాల అవతల పై నుంచి కోస్తే కొమ్మ బెరడు లాక్కోకుండా పడుతుంది. మిగిలిన మోడుని చివర్లో కాండం దగ్గర ఉబ్బు వదిలి నున్నగా తియ్యండి. కోసిన చోట బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్ళు.

కొలిమి_కావలి

పదును గురించి చెప్తా. వచ్చినప్పుడు ఉన్న కోణం చూడకుండా రాయి మీద పెట్టొద్దు. అంచు మీద నల్ల మార్కర్ పూసి, రాయి మీద రెండుసార్లు తొయ్యండి. నలుపు ఎక్కడ పోయిందో చూస్తే మీ చెయ్యి కోణం తెలుస్తుంది. అంచు చివర పోకుండా వీపు వైపు పోతే కత్తిని బాగా పడుకోబెట్టారని అర్థం.

ఈ కత్తికి ఒక్కో పక్కకి 20 డిగ్రీలు పెట్టండి. చీల్చే పనే ఎక్కువైతే అడ్డు నుంచి సగం దాకా 25, మొన వైపు సగం 20 పెట్టుకోవచ్చు. 15కి తెస్తే కూరగాయలకి బాగుంటుంది గానీ మొదటి కణుపుకే అంచు వంగుతుంది, లేదా అర్ధచంద్రాకారంలో ముక్క లేస్తుంది.

రెండు ముఖాల కార్బోరండం రాయి చాలు. గరుకు వైపు మొదలుపెట్టి, ఒక పక్కే రుద్దుతూ ఉంటే అవతలి పక్క అంచంతా సన్నటి పొర లేస్తుంది. గోరుని వీపు వైపు నుంచి అంచు వైపుకి నెమ్మదిగా జరిపితే తగులుతుంది. అది మొదలు నుంచి మొన దాకా లేచేవరకు వైపు మార్చకూడదు. ఎక్కువమంది పదును రాలేదనేది ఇక్కడే, పొర రాకముందే తిప్పేస్తారు. రెండో పక్క కూడా అట్టే చేసి, నున్న వైపు మీద చేతి బరువు తగ్గించుకుంటూ రెండు పక్కలా మార్చి మార్చి రుద్దండి. చివర పాత తోలు బెల్టు మీద అంచు వెనకబడేలా లాగితే మిగిలిన పొర రాలిపోతుంది. ఆకురాయి ఈ స్టీలు మీద జారిపోతే ఉక్కు బాగా గట్టిపడిందని గుర్తు. ఎక్కడైనా ఆకురాయి సులువుగా కొరికితే అక్కడ మెత్తబడిందన్నమాట.

సాన చక్రం వాళ్ళకి ఇయ్యొద్దు. అంచు పల్చన గదా, రెండు క్షణాల్లో నీలం రంగు తిరుగుతుంది. ఈ కత్తికి కాఠిన్యం తెచ్చేటప్పుడు చివర 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. నీలం అంటే 300 దాటినట్టు, ఆ మేర మెత్తబడిపోయింది. రాయి మీద ఎంత రుద్దినా తిరిగి రాదు, నీలం ఉన్నంత మేర అరగదీసి పారెయ్యాల్సిందే.

ఒంగోలు_కాగితాలు

చట్టం సంగతి. 2016 ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడుగు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులను ఆయుధాల జాబితాలో పెట్టారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పరిశ్రమ పనులకి తయారైనవి అందులోకి రావు. మచ్చుకత్తి, కొడవలి అట్టా బయటపడతాయి. బోవీని వ్యవసాయ పనిముట్టు అని వాదించడం కష్టం, ఆ అడ్డు చూస్తేనే ఎదుటివాడికి అనుమానం. 1959 ఆయుధ చట్టం నాలుగో సెక్షను కింద కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇలాంటి వాటికి లైసెన్సు కావాలి. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు గదా అనేది స్టేషన్లో పనికిరాదు.

మీది 10 అంగుళాలు. 9 లోపల ఉండేలా చూసుకోవడం మేలు. ఎంత ఉన్నా నడుముకి కట్టుకుని బజారుకి, తిరణాలకి పోవద్దు. తోట నుంచి ఇంటికి తేవాలంటే ఒరలో పెట్టి, గోనెపట్టాలో చుట్టి, మిగతా పనిముట్లతో పాటే తీసుకురండి.

పొదలకూరు_నిమ్మతోట

అందరికీ థాంక్స్. అయితే మొన విరిచి ఎనిమిదిన్నరకి తెస్తే ఎట్టా ఉంటుంది? సూది మొన ఎట్టాగూ బలహీనం అంటున్నారు.

కొలిమి_కావలి

విరవొద్దు, విరిస్తే పగులు ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. అరగదీయాలి. పనికి ఆ మొన కురచ కావడం మంచిదే, గుచ్చి తిప్పితే విరిగే చోటు అదే గదా. నష్టం ఒకటి ఉంది: ముందు బరువు తగ్గి, నరికే దెబ్బ ఇంకా తేలిపోతుంది. చీల్చే పనికి ఆ తేడా తెలియదు. లావు ముక్కకి మొన బయటికి తక్కువ మిగులుతుంది కాబట్టి, నాలుగంగుళాలు అన్నదాన్ని మూడున్నరకి తగ్గించుకోండి.

పద్ధతి ఇది. అడ్డు ముందర నుంచి మొన దాకా సరళరేఖలో కొలిచి, ఎనిమిదిన్నర దగ్గర గుర్తు పెట్టండి. కొత్త మొన ఆకారం మార్కర్‌తో గీయండి, మొన అనేది అంచుకి దగ్గర్లో రావాలి, వంపు మొత్తం వీపు వైపు నుంచి తియ్యాలి. అంచు వైపు నుంచి తీస్తే కొత్తగా అంచు తయారుచెయ్యాల్సి వస్తుంది. గ్రైండర్‌కి 1 మిల్లీమీటరు కోత డిస్కు పెట్టి, గీతకి 2 మిల్లీమీటర్లు అవతలే కోయండి. మిగిలింది నెమ్మదిగా రుద్దాలి. గీత ఇవతల బ్లేడుకి తడిగుడ్డ చుట్టి, పక్కన బకెట్ నీళ్ళు పెట్టుకోండి. మూడు నాలుగు సెకన్లు తగిలించడం, ముంచడం. చేతికి గ్లౌజు లేకుండా పట్టుకోవాలి, వేడి ముందు వేలికే తెలుస్తుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. అంచు చివరి అంగుళం మిషను మీద వద్దు, చేత్తో రాయి మీదే.

పనిలో పనిగా ఆ ఇత్తడి అడ్డుని కింద పక్క చదును చేయించండి. పలక మీద కోసేటప్పుడు అది ముందు తగిలి అంచు పలకని చేరదు. పూర్తిగా తీసెయ్యొద్దు, తడిచేతిని బ్లేడు మీదికి జారకుండా ఆపేది అదే.

కొత్తపట్నం_ఉప్పుగాలి

తుప్పు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. 1095లో తుప్పుని ఆపే క్రోమియం లేనట్టే, సముద్రపు గాలిలో రాత్రికి రాత్రి చుక్కలు లేస్తాయి. ఉన్న చుక్కలకి 600 నంబరు వాటర్ పేపరుని నూనెతో తడిపి, బ్లేడు పొడుగునా ఒకే దిక్కున రుద్దండి. తరవాత సబ్బుతో కడిగి, నిమ్మచెక్కతో బ్లేడంతా రుద్ది పది నిమిషాలు వదలండి. బూడిదరంగు పొర పడుతుంది, అది ఎర్రతుప్పుని కొంతవరకు ఆపుతుంది. కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె పూయాలి. ఆహారానికి వాడే కత్తికి కొబ్బరినూనె, కేవలం తోట పనికైతే ఆముదం కూడా బాగుంటుంది. వేరుశెనగ నూనె కొన్నాళ్ళకి బంకగా మారుతుంది. ఒర తోలుదైతే అందులో దాచొద్దు, తోలు తేమ పట్టుకుని లోపలే తినేస్తుంది. మోసుకుపోయేటప్పుడే ఒర, ఇంట్లో నూనెగుడ్డలో చుట్టి పెట్టండి.

గుమ్మడి, పనస కోయొచ్చు గానీ 5 మిల్లీమీటర్ల మందం గుమ్మడిని కోయదు, పగలగొడుతుంది. పనసకి ముందే బ్లేడుకి నూనె రాయండి. చేపకి కత్తిపీటే. మేక ఎముక మీద ఎత్తొద్దు. జిల్లేడు కొట్టిన కత్తిని కడగకుండా వంటింట్లోకి తేవద్దు, ఆ పాలు విషం.

కంచె_మరమ్మతు

పైన బోర్డో అన్నాను గదా, దానికి కత్తితో ఒక పని ఉంది, కానీ ఈ కత్తి వాడొద్దు. పిచికారీకి ఒక శాతం మందు, అంటే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్లు కలిపాక, మెరిసే పాత ఇనుప కత్తిని అందులో ఒక నిమిషం ముంచుతారు. బ్లేడు మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం తక్కువైందని గుర్తు, అట్టే కొడితే ఆకు మాడుతుంది. పూత పడనంత వరకు సున్నపు నీళ్ళు కొంచెం కొంచెం చేర్చాలి. కలపడానికి ఇనుప డ్రమ్ము వద్దు, ప్లాస్టిక్‌ది. ఈ పరీక్షకి అరిగిపోయిన కూరగాయల కత్తి చాలు.

పొదలకూరు_నిమ్మతోట

సరే, ఎనిమిదిన్నరకి తగ్గిస్తా. పిడి చెక్క ఒక పక్క కొంచెం కదులుతోంది, ఫెవికాల్ పెడితే ఆగుతుందా?

కొలిమి_కావలి

ఆగదు, తడి తగిలితే ఊడుతుంది. రివెట్లు తొలిచి తీసి, రెండు చెక్కలూ ఇనుమూ గరుకు కాగితంతో రుద్ది, రెండు ట్యూబుల ఎపాక్సీ సమంగా కలిపి పూసి, కొత్త ఇత్తడి కడ్డీ ముక్కలు దిగేసి, బిగింపులో ఒక రోజు వదలండి. బిగింపు మరీ గట్టిగా తిప్పితే జిగురంతా బయటికొచ్చేసి లోపల ఖాళీ అవుతుంది. చెక్క మార్చాలంటే నల్లతుమ్మ, బాగా ఎండినది. మొన పని అయినాకే పిడి పని మొదలుపెట్టండి, లేకపోతే బకెట్లో ముంచినప్పుడల్లా కొత్త చెక్క తడుస్తుంది.