పాత ఎక్స్‌రే గదిలో 1.5 టెస్లా ఎంఆర్ఐ: గోడలు కట్టేముందు ఏం తేల్చుకోవాలి?

ప్రశ్న:
గ్రౌండ్ ఫ్లోర్‌లో పాత ఎక్స్‌రే గదిని 1.5 టెస్లా ఎంఆర్ఐకి మార్చాలి. లోపల 7 × 5 మీటర్లు, స్లాబు వరకు ఎత్తు 3.6 మీటర్లు. గోడలకు సీసం రేకు ఉంది. పైన ఓపీ, ఒక చివర గోడకు అవతల లిఫ్టు. సీసం ఉంచేయొచ్చా? క్వెంచ్ పైపు (మ్యాగ్నెట్‌ని చల్లబరిచే ద్రవ హీలియం ఒక్కసారిగా ఆవిరైతే ఆ వాయువుని బయటికి వదిలే గొట్టం) దారి ఇంకా ఖరారు కాలేదు. సివిల్ వాళ్లు ఈలోగా గోడలు లేపేస్తామంటున్నారు.

జవాబు 1:
గోడల పని ఆపించండి. క్వెంచ్ పైపు ఎటు బయటికి పోతుంది, నాలుగైదు టన్నుల మ్యాగ్నెట్ ఎటు లోపలికొస్తుంది అన్నవి తేలకుండా కడితే మళ్లీ పగలగొట్టాల్సిందే.

ఎంఆర్ఐకి సీసంతో పనిలేదు. అవతల మరో ఎక్స్‌రే గది ఉంటే మాత్రం ఆ వైపు రేకు కదపొద్దు. తీసేచోట గ్రైండర్ వాడనివ్వకండి, సీసం పొడి లేస్తుంది.

5 గాస్ గీత (అయస్కాంత క్షేత్రం, అంటే ఫీల్డు, 5 గాస్‌కి తగ్గే హద్దు) లెక్క చూడండి. యాక్టివ్ షీల్డ్ (ఫీల్డు బయటికి పాకకుండా తగ్గించే అదనపు కాయిల్స్) ఉన్న 1.5 టెస్లాకి అది మ్యాగ్నెట్ కేంద్రం నుంచి సుమారుగా బోరు (రోగి పడుకుని వెళ్లే సొరంగం) పొడవునా 4 మీటర్లు, మిగతా వైపులా 2.5 మీటర్లు. సరిగ్గా మధ్యలో పెట్టినా రెండు చివర్లా అర మీటరు గది దాటుతుంది. పేస్‌మేకర్ ఉన్న మనిషి అవతల నిలబడే వీలుంటే ఆ గోడకు ఇనుప పలకలు కావాలి. వాటి లెక్క మ్యాగ్నెట్ కంపెనీదే, ఎందుకంటే షిమ్మింగ్ (మ్యాగ్నెట్ లోపలి ఫీల్డుని అంతటా సమానంగా సరిచేయడం) మారుతుంది. లిఫ్టు కదిలే ఇనుము. అది తిరుగుతుండగా ఫీల్డు మార్పునీ కంపనాన్నీ ఆర్డరుకు ముందే కొలిపించండి.

జవాబు 2:
రాగి కేజ్ (బయటి రేడియో తరంగాలు లోపలికి రాకుండా గది చుట్టూ వేసే రాగి తొడుగు) గురించి. కేజ్‌కు ఎర్తింగ్ పెనెట్రేషన్ ప్యానెల్ (కేబుళ్లు కేజ్ లోపలికి వచ్చే పలక) దగ్గర ఒక్కచోటే ఉండాలి. ఫాల్స్ సీలింగ్ వాడు ఒక పొడుగు స్క్రూ దించితే చాలు, అది రాగిని చీల్చుకుని స్లాబు కమ్మీకి తగులుతుంది, రెండో ఎర్తింగ్ ఏర్పడుతుంది. బొమ్మల్లో గీతలొచ్చినప్పుడు ఆ స్క్రూని వెతకడం నరకం. అందుకే కేజ్ పూర్తయ్యాక ఒకసారి, ఇంటీరియర్ అయ్యాక ఇంకోసారి ఆర్ఎఫ్ పరీక్ష (కేజ్ రేడియో తరంగాల్ని ఆపుతోందా అని చూడటం) చేయించి, రెండో పరీక్ష పాసయ్యాకే బిల్లు చెల్లించండి.

ఆక్సిజన్ గొట్టం వేవ్‌గైడ్ (కేజ్‌కి బిగించే, రేడియో తరంగాల్ని రానివ్వని లోహపు గొట్టం) గుండా రావాలి, లోపలి ముక్క లోహం కాకూడదు. అదే రంధ్రంలోంచి ఎవరైనా కరెంటు తీగ దూర్చారంటే అది యాంటెనా అయి కూర్చుంటుంది. లైట్లు డీసీ ఎల్ఈడీలు, డ్రైవర్లు గది బయట.

జవాబు 3:
మోడల్ ఖరారైందా? కొన్ని కొత్త సీల్డ్ మ్యాగ్నెట్లలో హీలియం 7 లీటర్లే, వాటికి క్వెంచ్ పైపే అక్కర్లేదు. పాతరకమైతే లీటరు ద్రవ హీలియం 700 లీటర్లకు పైగా వాయువవుతుంది. పైపు చివర వాన పడకుండా, పక్షులు గూడు కట్టకుండా చూడాలి. దాని ఎదుట కిటికీ గానీ ఏసీ గాలి లాగే చోటు గానీ ఉండకూడదు. పైపు మూసుకుపోతే వాయువు గదిలోకే వచ్చి ఆక్సిజన్‌ని తోసేస్తుంది, పీడనం పెరుగుతుంది. అప్పుడు లోపలికి తెరిచే తలుపుని ఎంత లాగినా రాదు. తలుపు బయటికే తెరవాలి, లేదా పీడనం వదిలే కిటికీ పెట్టాలి. ఆక్సిజన్ సెన్సరు అలారం కంట్రోల్ రూములో కూడా మోగాలి.

ప్రశ్న అడిగినవారు:
మోడల్ ఖరారు కాలేదండి. లిఫ్టు కొలతలు ముందు చేయిస్తాం. గోడల పని ఆపించాను.