మాటలు తక్కువున్న పిల్లల దిగులు ఎలా కనిపెడుతున్నారు?

అమలాపురం దగ్గర కాలువగట్టు మీద, మేధో వైకల్యం ఉన్న 14–17 ఏళ్ల పిల్లలతో నడక, బంతాట చేయిస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం ఉండాలంది. మేం 10 నిమిషాల ముక్కలుగా పెంచుతున్నాం. ఈ ఉక్కపోతలో పొద్దున ఎనిమిది దాటితే ఎవరూ కదలరు. మూర్ఛ ఉన్నవాళ్లని నీటివైపు నడవనివ్వం. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు తేడా) ఉంటే మెడ ఎముకలు వదులుగా ఉండొచ్చు కాబట్టి, మెడ పరీక్ష కాకుండా పిల్లిమొగ్గలు వేయించం.

చిక్కల్లా మనసు సంగతి తెలుసుకోవడంలోనే. నవ్వు ముఖం, ఏడుపు ముఖం బొమ్మలు పెడితే ఎప్పుడూ నవ్వునే చూపిస్తారు, వరస మార్చినా అంతే. "బాగుందా?" అంటే అవుననేస్తారు (అలా అడగడమే తప్పు లెండి). నిద్ర, తిండి, చేయి కొరుక్కోవడం ఇంట్లోవాళ్లని రాయమంటే రెండు వారాలకే ఆపేస్తున్నారు. పంట కోతల రోజుల్లో అసలే రాయరు. మీరు ఏ గుర్తులు చూస్తున్నారు, ఎన్ని రోజులకోసారి రాస్తున్నారు? కాస్త చెప్దురూ.