రొయ్య పొట్టు, పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) దానా కలిపి పలకలు పోస్తే లోపలంతా బుడగలు, ఏం చేయాలి?

గోదారి_కుర్రాడు:
మాది భీమవరం వైపు. చిన్న రీసైక్లింగ్ యూనిట్ ఉంది, పాత బకెట్లు, డబ్బాలు నలగ్గొట్టి పీపీ దానా తీస్తాం. దగ్గర్లోని రొయ్యల ప్లాంటు వాళ్లు తలకాయలు, పొట్టు ఊరికే ఇస్తామన్నారు, సరే కదా అని ఎండబెట్టి పొడి చేసి దానాలో కలిపితే పలక నిండా బుడగలు, మిషన్ దగ్గర నిలబడలేనంత కంపు. జపాన్‌లో గుల్లలతో హెల్మెట్లే చేస్తున్నారు, మనకెందుకు కుదరట్లేదు?

పాలిమర్_మాస్టారు:
అది రొయ్య కాదు బాబూ, స్కాలప్ గుల్ల. హొక్కైడోలో సరుఫుత్సు అనే ఊళ్లో గుట్టలు పడిపోతున్న గుల్లల్ని పొడి చేసి, ఒసాకా కంపెనీ ఒకటి రీసైకిల్ ప్లాస్టిక్‌లో కలిపి షెల్‌మెట్ అనే హెల్మెట్ చేసింది. ఆ గుల్ల దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేట్, ప్లాస్టిక్ ఫ్యాక్టరీల్లో ఎప్పటినుంచో వాడే ఫిల్లరే, అంటే ప్లాస్టిక్‌లో కలిపే చవక పొడే. ఎండు రొయ్య పొట్టులో మాత్రం ప్రొటీనే 20 నుంచి 40 శాతం, దాంతోపాటు కైటిన్ (పెంకులో ఉండే నార లాంటి పదార్థం), సున్నం. పీపీ కరిగేది 160 డిగ్రీలు దాటాక, నువ్వు మిషన్‌ని 200 డిగ్రీల దగ్గర నడుపుతుంటావు, ఆ వేడికి ప్రొటీన్ మాడి కంపు కొడుతుంది, మిగిలిన తేమ ఆవిరై బుడగ కడుతుంది. తలకాయలు అసలు కలపకు. ప్రొటీన్ పోవడానికి పొట్టుని పలచటి కాస్టిక్ సోడాలో నానబెట్టి, బాగా కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, మెత్తగా జల్లించు. 10 శాతంతో మొదలుపెట్టు, పెంచేకొద్దీ పలక గట్టిపడినట్టే ఉంటుంది కానీ కింద పడితే పగులుతుంది. పొడి, ప్లాస్టిక్ పట్టుకోవాలంటే మలేయిక్ యాన్‌హైడ్రైడ్ ఎక్కించిన పీపీ కొంచెం వేయాలి.

గోదారి_కుర్రాడు:
థాంక్స్ మాస్టారూ. మరి ఆ కాస్టిక్ నీళ్లు ఎక్కడ పోయాలి?

కాకినాడ_లక్ష్మి:
అసలు ఖర్చు అక్కడే తమ్ముడూ! ఆ నీళ్లు కాలవలోకి వదిలితే చేపలు చస్తాయి, శుద్ధి చేయాలంటే నీకొచ్చే లాభం అందులోకే పోతుంది. పొట్టులోని కైటిన్ నుంచి కైటోసాన్ అనే పదార్థం తీసేవాళ్లకి, దాణా వాళ్లకి పొట్టు అమ్ముకో, ప్లాస్టిక్‌లో కలిపితే దానికి ఫిల్లర్ రేటే వస్తుంది. పలకలే కావాలంటే గుల్లలు చూడు, గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర గుల్ల సున్నం కాల్చేవాళ్లని అడిగితే దొరుకుతాయి. వాటికి కాస్టిక్ అక్కర్లేదు, మాంసం లేకుండా కడిగి, ఎండబెట్టి, దంచడమే.

ఊరి_ఇంజనీర్:
లక్ష్మి గారితో ఏకీభవిస్తాను. ఇంకోటి, రొయ్య పొడి గాలిలో లేస్తే కొందరికి ఆయాసం వస్తుంది, పనివాళ్లకి మాస్కులు ఇవ్వండి. అమ్మేటప్పుడు మాత్రం 'మట్టిలో కలిసిపోతుంది' అని బోర్డు పెట్టకండి, లోపలున్నది పీపీనే కదా.