మంగలి కత్తి సాన పడుతుంటే బెవెల్ (అంచు వెంట ఏటవాలుగా అరిగే పట్టీ) ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం వస్తోంది

పాలకొల్లు అబ్బాయి:
అందరికీ నమస్కారమండి. మా తాతగారి పొదిలోది పాత కత్తి, సోలింగెన్ (కత్తులకి పేరున్న జర్మనీ ఊరు) అని ముద్ర ఉంది, ఆయన పోయాక ఇరవై ఏళ్లు అటక మీదే ఉండిపోయింది. మొన్న తీసి తుప్పు వదిలించి 1000 నంబరు నీటిరాయి మీద పట్టడం మొదలెట్టా, మూడు రోజులైంది గానీ బెవెల్ పిడి వైపు మిల్లీమీటరు పైనే వచ్చింది, కొస వైపు గీతలా ఉంది, రెండు ముఖాలా అంతే. కొస దగ్గర చేతి వెంట్రుక కూడా తెగట్లేదు. కొసని గట్టిగా నొక్కి పట్టాలాండి? నాకు పుట్టెంట్రుకలు తీసింది ఈ కత్తే, పాడుచేస్తానేమోనని భయంగా ఉంది.

అమలాపురం సెలూన్:
నొక్కొద్దు బాబూ, ముందు ఆపు. ఇప్పుడు షాపులో అందరం సగం బ్లేడు పెట్టే కత్తే వాడుతున్నాం గానీ నేను పని నేర్చుకుంది సాన కత్తి మీదే. రెండు ముఖాలా పిడి దగ్గరే వెడల్పంటే నీ చేతి బరువు అక్కడ పడుతోందని. అదే ఒక ముఖాన వెడల్పు, రెండో ముఖాన అదే చోట సన్నం అయితే అది కత్తి వంకర, వేరే సంగతి. ఈ కత్తికి కోణం మనం పెట్టేది కాదు, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనితే వెన్ను మందమే కోణం చూసుకుంటాది. పిడి దగ్గర దళసరి భుజం ఉంటాది చూడు, అది రాయి ఎక్కిందంటే కొస లేచిపోద్ది, నీకు జరుగుతోంది అదేనని నా అనుమానం. రాయి వెడల్పు రెండు మూడంగుళాలే, కత్తి అంతకంటే పొడుగు, అందుకని ఏటవాలుగా లాగాలి, పిడి వైపు మొదలెట్టి కొసతో దిగాలి. కత్తి బరువు చాలు.

తణుకు లేత్ పని:
పైన చెప్పింది కరెక్టే, కానీ రాయి చూశారా? అద్దం ముక్క మీద 220 వాటర్ పేపర్ తడిపి వేసి, రాయి మీద పెన్సిల్ గళ్లు గీసి రుద్దండి, గళ్లు ఎక్కడ మిగిలితే అక్కడ గుంట. తర్వాత బెవెల్‌కి మార్కర్ పూసి నాలుగు సార్లు లాగితే రంగు పోని చోటే రాయికి ఆనట్లేదని తెలిసిపోద్ది. వెన్నుని రెండు చివర్లా వెర్నియర్‌తో కొలవండి, పిడి వైపు అరిగి పల్చబడినా అక్కడ బెవెల్ వెడల్పే వస్తాది.

పాలకొల్లు అబ్బాయి:
ఆయ్, చూశానండి. వెన్ను సమంగానే ఉంది. రాయి మధ్యలో గుంట, అది సరిచేశా. మార్కర్ పూస్తే కొస వైపు అంగుళం మేర రంగు అలాగే ఉంది, భుజం ఎక్కడం నిజమే! భుజాన్ని రాయి అంచు బయటికి ఉంచి లాగుతుంటే ఇప్పుడు కొస దగ్గర కూడా వెంట్రుక తెగుతోంది. కానీ వెడల్పు తేడా అలాగే ఉంది, సమం అయ్యేదాకా నూరనా?

అమలాపురం సెలూన్:
వద్దు. అంచు పొడవునా తెగుతోందంటే పని అయిపోయినట్టే, కంటికి సమంగా కనపడాలని తాతగారి ఉక్కు అరగదీయకు. ఇంకా నున్నటి 4000, 8000 రాళ్ల మీద తేలిగ్గా పట్టి తోలు పట్టీకి వెళ్లు, రాయి మీద అంచు ముందు, తోలు మీద మాత్రం వెన్ను ముందు, తిరగేస్తే తోలు తెగుద్ది, పదునూ పోద్ది. వాడాక తుడిచి ఆరబెట్టి నూనె చుక్క పుయ్యి, మన గాలి తేమకి ఆ ఉక్కు తుప్పు పట్టేస్తాది. మొదటిసారి చెంప మీదే పెట్టు, గడ్డం కిందకి తర్వాత.