దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ లేని సినిమాలు: లో బడ్జెట్ కాస్మిక్ హారర్ కామెడీ నచ్చేది నాకొక్కడికేనా?

అర్ధరాత్రి_ఆవకాయ:

అందరికీ నమస్తే, ఇక్కడ ఫస్ట్ టైమ్ పోస్ట్ చేస్తున్నా, పెద్దగా అయిపోతే ఏమనుకోకండి.

మొన్న శనివారం రాత్రి రూమ్‌లో ముగ్గురం కూర్చుని 'గ్లోరియస్' అనే సినిమా పెట్టాం, 2022ది, గంటా ఇరవై నిమిషాలు కూడా లేదు. కథేంటంటే ఒకడు లవ్ ఫెయిలై హైవే పక్కన రెస్ట్ ఏరియాలో ఆగి ఫుల్లుగా తాగి ఆ మత్తులో ప్యాంటు కూడా మంటలో వేసేసుకుని పొద్దున్నే వాంతి చేసుకోడానికి అక్కడున్న బాత్రూమ్‌లోకి పోతాడు. పక్క టాయిలెట్‌లోంచి ఒక గొంతు పలకరిస్తుంది, చాలా మర్యాదగా, ఏం బాబూ ఒంట్లో బాలేదా అన్నట్టు. చూస్తే ఆ గొంతు ఒక దేవుడిది. దేవుడంటే మనం గుళ్ళో చూసే టైపు కాదు, ఎప్పట్నుంచో ఉన్న ఏదో ఒకటి, దాని ఆకారం చూస్తే మనిషి తట్టుకోలేడట, అందుకే గోడ అవతలే ఉంటుంది. (మనిషిని లెక్కలోకే తీసుకోని ఇలాంటి విశ్వశక్తుల భయాన్నే కాస్మిక్ హారర్ అంటారు.) వీణ్ణి బయటికి పోనివ్వదు. విశ్వం మిగలాలంటే నువ్వు నాకో చిన్న సాయం చెయ్యాలంటుంది.

దాదాపు సినిమా మొత్తం ఇదే. ఒక బాత్రూమ్, ప్యాంటు లేని ఒక మనిషి, ఒక గొంతు. గొంతు జే.కే. సిమన్స్‌ది (విప్లాష్‌లో కుర్చీ విసిరే మాస్టారు, స్పైడర్‌మ్యాన్‌లో పేపర్ ఎడిటర్, ఆయనే).

మా రూమ్మేట్ ఒకడు ఇరవై నిమిషాలకే నిద్రపోయాడు, ఇంకోడు షార్ట్ ఫిల్మ్‌ని లాగి లాగి వదిలారు అన్నాడు. నేను మాత్రం పడీ పడీ నవ్వాను, నవ్వి నవ్వి రెండింటికి బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తే తలుపు వేసుకోలేదు. ఇదేం జబ్బో నాకర్థం కావట్లేదు. వందల కోట్ల గ్రాఫిక్స్ సినిమాలో ఊళ్ళకి ఊళ్ళు కూలిపోతుంటే పాప్‌కార్న్ తింటూ ఫోన్ చూసుకునేవాణ్ణి, ఒక టాయిలెట్ గోడకి భయపడ్డాను. వీళ్ళ దగ్గర డబ్బులుండుంటే ఇంకా బాగా తీసేవాళ్ళా, లేక డబ్బుల్లేకపోవడమే కలిసొచ్చిందా? ఇలాంటివి ఇంకేమున్నాయో కూడా చెప్పండి.

---

రీల్_డబ్బా:

నువ్వొక్కడివే కాదు బ్రో, ఇక్కడున్నోళ్ళం అంతా అదే బాపతు.

డబ్బులుంటే అన్నావు కదా, దానికి నేనైతే 'డార్క్ స్టార్' చూపిస్తా. 1974. జాన్ కార్పెంటర్, డాన్ ఓబానన్ అని ఇద్దరు కుర్రాళ్ళు కాలిఫోర్నియాలో సినిమా కోర్సు చదువుతూ స్టూడెంట్ ఫిల్మ్‌గా మొదలెట్టారు, డబ్బు దొరికినప్పుడు కొంచెం తియ్యడం లేనప్పుడు ఆపెయ్యడం, అలా ఏళ్ళు గడిచి చివరికి మొత్తం ఖర్చు 60 వేల డాలర్ల దాకా తేలింది. అంతరిక్షంలో ఒక ఓడ, ఇరవై ఏళ్ళుగా తిరుగుతోంది, డ్యూటీ ఏంటంటే స్థిరంగా లేని గ్రహాల్ని బాంబులేసి పేల్చడం. కుర్రాళ్ళందరికీ గడ్డాలు పెరిగిపోయి ఒకడి మొహం ఒకడికి చూడబుద్ధి కాదు. ఓడలో ఉన్న టాయిలెట్ పేపరంతా ప్రమాదంలో నాశనమైపోయింది, అది ఓడ లాగ్‌బుక్‌లో సీరియస్‌గా నోట్ చేసుకుంటారు.

ఇందులో ఏలియన్ ఒక బీచ్ బాల్. పోలిక చెప్పట్లేదు, నిజంగానే గాలి నింపిన బంతి, కింద గోళ్ళున్న పాదాలు అతికించారు అంతే. దాన్ని పట్టుకోడానికి పోయి ఓబాననే (యాక్టింగ్ కూడా ఆయనే) లిఫ్ట్ గుంటలో వేలాడుతుంటాడు, బంతొచ్చి చక్కిలిగింతలు పెడుతుంది. మొదట్లో నవ్వొస్తుంది. కాసేపటికి ఒక సంగతి తడుతుంది, వీడు చస్తే ఓడలో ఎవడూ పట్టించుకోడు, బయట అంత చీకటి ఉంది, దానికి అసలే పట్టదు.

ఇక చివర బాంబు సీన్. 20వ నంబర్ బాంబు ఓడకి అతుక్కుని ఉండగానే పేలతానని మొండికేస్తుంది. ఒకడు సూట్ వేసుకుని బయటికెళ్ళి దానికి తత్వం చెప్తాడు, నువ్వున్నావని నీకెలా తెలుసు, బయటొక ప్రపంచం ఉందని ఎలా తెలుసు, నీ సెన్సార్లు చెప్పేది నిజమని ఏంటి గ్యారంటీ అని. అచ్చం మన ఊళ్ళో వేదాంతం మాస్టారే. బాంబు ఆలోచనలో పడి వెనక్కి పోతుంది. తర్వాత పాఠం మరీ బాగా ఒంటబట్టి, ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి దేవుణ్ణి నేనే అని తేల్చుకుని, వెలుగు కమ్మని పలికి పేలుతుంది.

ఆ బంతికి జనం అనుకున్నంత నవ్వలేదని, నవ్వించలేకపోతే అదే ఐడియాతో భయపెడదాం అనుకున్నాడు ఓబానన్. అలా రాసిందే 1979లో వచ్చిన 'ఏలియన్'. భయానికీ నవ్వుకీ మధ్య ఉన్నది ఒక బీచ్ బాల్ మందమే.

---

ఉప్మా_రివ్యూలు:

ఒక మాట అంట, ఏమనుకోవద్దు అన్నా. మీరందరు కథలు మస్తు అల్లుతున్నరు గని పైసల్లేక తీసిన్రు, గంతే. బాలేనిదాన్ని బాలేదనాలె. నూటికి తొంభై చెత్తనే ఉంటయ్, ఓ పది మంచియి పట్టుకొని చార్మ్ చార్మ్ అంటరు. నేను రబ్బరు కాళ్ళ భూతాలు జూసి జూసి అలిసిపోయిన.

ఇంకోటి. గదే సినిమా మనోళ్ళు తీస్తే ఏం జేస్తరు మీరు? గ్రాఫిక్స్ జూడుర్రి అని మీమ్స్ ఏస్తరు, హీరోని ఆడుకుంటరు. ఇంగ్లీష్ల ఉంటే కల్ట్, తెలుగుల ఉంటే ట్రోల్. గిదేం న్యాయం.

---

టెంటకిల్_టీ_స్టాల్:

ఉప్మా గారూ రెండోది ఒప్పుకుంటున్నా, నేనూ ఆ మీమ్స్ షేర్ చేసినోణ్ణే, సిగ్గుపడుతున్నా. మొదటిది మాత్రం ఒప్పుకోను.

డబ్బు లేకపోవడం వేరు, డబ్బు లేదని దాచుకోవడం వేరు. మనం ట్రోల్ చేసేవి ఎక్కువ శాతం రెండో రకం, చేతిలో ఉన్నది పదైతే వెయ్యి ఉన్నట్టు బిల్డప్. 1981 ఈవిల్ డెడ్‌లో డైరెక్టర్ శామ్ రైమీకి స్టెడీక్యామ్ (నడుస్తూ తీసినా బొమ్మ ఊగకుండా కెమెరాని పట్టి ఉంచే పరికరం) కొనే దిక్కు లేదు, చెక్క పలక మధ్యలో కెమెరా బిగించి చెరో వైపు ఒకడు పట్టుకుని అడవిలో పరిగెత్తారు. ఆ పరిగెత్తేది ఏంటో సినిమాలో ఎక్కడా చూపించరు, అది మనమే అయిపోతాం. డబ్బులుండుంటే ఒక జంతువుని పెట్టేవాళ్ళు, ఖతం.

1987లో రెండోది తీసినప్పుడు అదే గుడిసె అదే దెయ్యాల పుస్తకం, కానీ ఈసారి పూర్తిగా నవ్వులాట. హీరో చెయ్యికి దెయ్యం పట్టి వాడి మొహం మీదే ప్లేట్లు పగలగొడుతుంది, వాడు రంపంతో ఆ చెయ్యి కోసేసి బకెట్ కింద మూసి అది లేవకుండా పైన పుస్తకాలు పేరుస్తాడు, పైనున్న పుస్తకం హెమింగ్వే రాసిన 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్'. ఆర్మ్స్ అంటే ఆయుధాలు, చేతులు కూడా. ఇంత రక్తంలో ఇంత చచ్చు జోకు వేసినోడికి దండం పెట్టాలి.

ఇంకొకటి 'రీ-యానిమేటర్', 1985, స్టువర్ట్ గోర్డన్ అని షికాగో నాటకాలాయన, మొదటి సినిమా, పది లక్షల డాలర్ల లోపే తీశాడు. శవాలకి ప్రాణం పోసే మందు కనిపెట్టిన మెడికల్ స్టూడెంట్ కథ. ప్రొఫెసర్ తల నరికి ట్రేలో నిలబెడదామని చూస్తాడు, అది పక్కకి పడిపోతూ ఉంటుంది, విసుగొచ్చి బల్ల మీద కాగితాలు గుచ్చే ముల్లు ఉంటుంది చూడండి, మన కిరాణా కొట్లో బిల్లులు గుచ్చేది, దానికి గుచ్చి నిలబెడతాడు. మొహంలో చిన్న మార్పు కూడా ఉండదు. ఆ యాక్టర్ జెఫ్రీ కోంబ్స్ సినిమా అంతా అంతే, ఎదురుగా మొండెం నడుస్తున్నా ల్యాబ్ రికార్డు రాసుకునేవాడి మొహం.

ఇది కాస్మిక్ కాదు కదా, పిచ్చి డాక్టర్ కథ కదా అని ఎవరో ఒకరు వస్తారు, నిజమే, కాదు. మూలకథ లవ్‌క్రాఫ్ట్‌దే (కాస్మిక్ హారర్ అనగానే గుర్తొచ్చే పాత అమెరికా రచయిత) గానీ అందులో నక్షత్రాలూ పాత దేవుళ్ళూ లేరు. హోమ్ బ్రూ అనే చిన్న పత్రికకి భాగానికి 5 డాలర్ల చొప్పున ఆరు భాగాలు రాశాడు, ప్రతి భాగం చివరా ఉత్కంఠ పెట్టాలన్న రూల్‌కి తిట్టుకుంటూ. అంటే మూలమే చీప్‌గా పుట్టింది, కూలికి రాసింది. అసలు కాస్మిక్ కావాలంటే అదే టీమ్ మరుసటి ఏడాది తీసిన 'ఫ్రమ్ బియాండ్' చూడండి. ఒక మెషిన్ ఆన్ చేస్తే మన చుట్టూ గాల్లో ఎప్పుడూ ఈదుతున్న జీవులు కనిపిస్తాయి, కష్టం ఏంటంటే వాటికి కూడా మనం కనిపిస్తాం.

---

కందిపచ్చడి:

నేను మధ్యలో దూరుతున్నానండీ, హారర్ పెద్దగా చూడను, మా అమ్మాయి చూస్తుంటే పక్కన కూర్చుంటాను.

మీరంతా బీచ్ బాల్ అంటుంటే నాకు విఠలాచార్య గారు గుర్తొచ్చారు. 1978లో 'జగన్మోహిని'లో దెయ్యం కట్టెలకి బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది, చిన్నప్పుడు ఆ సీన్‌కి జడుసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు, ఇప్పుడు చూస్తే నవ్వాగదు, నవ్వాక మళ్ళీ ఏదోలా ఉంటుంది. యాక్టర్ డేట్లివ్వకపోయినా ఎక్కువ డబ్బడిగినా ఆయన ఆ పాత్రని చిలకనో కోతినో చేసేసి షూటింగ్ కానిచ్చేవారని చెప్పుకుంటారు, నిజమో కాదో గానీ ఆయన సినిమా చూస్తే నమ్మబుద్ధేస్తుంది. కాబట్టి ఉప్మా గారూ, తెలుగులో ఇవి లేవనీ మనం మెచ్చుకోలేదనీ కాదు. మర్చిపోయాం అంతే.

కానీ ఒక తేడా ఉంది. మన దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. ఎవరో మోసం చేసుంటారు, ఎవరో చంపుంటారు, సెకండాఫ్‌లో అదంతా చెప్పి ఏడిపించి, పగ తీరాక దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంది. అంటే దెయ్యమైనా మన మనిషే, మాట్లాడుకోవచ్చు, మంత్రమో తాయెత్తో పనిచేస్తుంది. మీరు చెప్పే ఈ టాయిలెట్ దేవుడికి మన మీద పగ లేదు, ప్రేమా లేదు. అదండీ నాకు భయమేసింది. ఆఫీసులో కౌంటర్ దగ్గర మూడోసారి వెళ్ళినా తల ఎత్తకుండా రేపు రండి అంటారు చూడండి, ఆయనకి మన మీద కోపమేం లేదు, అసలు మనమే లేము ఆయన లెక్కలో. అలాంటివాడి ముందు మనిషి ఏం మాట్లాడినా కామెడీగానే ఉంటుంది, బతిమాలినా అరిచినా, మరీ ప్యాంటు కూడా లేకపోతే.

---

టెంటకిల్_టీ_స్టాల్:

కందిపచ్చడి గారూ, పదేళ్ళుగా చూస్తున్నా నాకు తట్టలేదు ఈ ఫ్లాష్‌బ్యాక్ పాయింట్. దండాలు.

---

క్లాప్_కొట్టేవాడు:

తీసేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. నాలుగేళ్ళ క్రితం ఫ్రెండ్స్‌తో కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ తీశాం, మేడ మీద వాటర్ ట్యాంక్‌లో ఏదో ఉంటుంది, ఇంట్లోవాళ్ళు దానికి భయపడకుండా మోటర్ ఎవరు వెయ్యాలని గొడవ పడుతుంటారు, అదీ కథ. అమెరికా వాళ్ళు దొంగ రక్తానికి మొక్కజొన్న సిరప్ వాడతారని చదివి, అది ఖరీదని బెల్లం పాకంలో ఎర్ర ఫుడ్ కలర్ కలిపాం. కెమెరాలో రంగు సూపర్‌గా వచ్చింది. రెండో టేక్‌కి చీమలొచ్చాయి. నేల మీద శవంలా పడుకున్న మా వాడు కదలకూడదు, చీమలు చెవిలోకి పోతున్నాయి, వాడి మొహంలో వణుకు చూసి మానిటర్ దగ్గర అందరం ఏం యాక్టింగ్ రా అనుకుంటున్నాం. అదే టేక్ ఉంచేశాం. ట్యాంక్‌లోది చూపించడానికి డబ్బుల్లేక మూత కొంచెం తీసి లోపల నుంచి టార్చ్ కొట్టి ఆపేశాం, చూసిన ప్రతివాడూ లోపల ఏముందిరా అని అడిగాడు. ఏమీ లేదు, సగం నీళ్ళున్నాయి.

ఇలా కుదిరినవాటిలో నాకు గురువు 'ది కాల్ ఆఫ్ క్తుల్హు', 2005. కామెడీ కాదు, కానీ ఐడియా చూడండి. లవ్‌క్రాఫ్ట్ అభిమానుల సంఘం వాళ్ళు తీశారు, పెద్ద సెట్లకి డబ్బు లేదు, కథ 1920లది, అందుకని 1920ల్లో తీసినట్టే బ్లాక్ అండ్ వైట్‌లో మూకీగా తీసేశారు. 47 నిమిషాలు. భూతం స్టాప్ మోషన్ బొమ్మ, అంటే కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫ్రేమ్ తీసింది. వేరే సినిమాలో అయితే ఆ బొమ్మకి నవ్వుతాం, ఇక్కడ పాత రీల్ ఎక్కడో దొరికినట్టుంటుంది కాబట్టి నోరు మూసుకుని చూస్తాం.

---

ఉప్మా_రివ్యూలు:

చీమల ముచ్చట బాగున్నది అన్నా, లింక్ ఉంటే పంపు. డార్క్ స్టార్ జూసిన నిన్న, మధ్యల బోర్ కొట్టింది, అబద్ధం ఎందుకు. బాంబు సీన్‌కి మాత్రం రెండుసార్లు ఎనక్కి పోయిన. చెత్త తొంభై శాతం అన్న మాట ఎనక్కి తీసుకోను, ఎనభై ఐదు చేస్త.

---

రీల్_డబ్బా:

ఆవకాయ బ్రో, లిస్ట్ అడిగావు కదా, ముందు 'జాన్ డైస్ ఎట్ ది ఎండ్' చూడు, 2012, డాన్ కాస్కరెల్లీ. సోయా సాస్ అని ఒక డ్రగ్ ఉంటుంది, తీసుకుంటే వేరే లోకాలు తెలుస్తాయి. ఫ్రీజర్‌లో ఉన్న మాంసం ముక్కలన్నీ లేచి మనిషి ఆకారంలో నిలబడి బెదిరిస్తాయి, హీరో ఒక సాసేజ్ చెవి దగ్గర పెట్టుకుని ఫ్రెండ్‌తో ఫోన్ మాట్లాడతాడు. కథ అర్థం కాకపోయినా టెన్షన్ పడకు, ఎవరికీ అవ్వలేదు. ఆకలి మీద మాత్రం చూడొద్దు.

---

అర్ధరాత్రి_ఆవకాయ:

అందరికీ థ్యాంక్స్, ఇంతమంది రాస్తారనుకోలేదు. కందిపచ్చడి గారి కౌంటర్ మాట మా రూమ్‌లో చదివి వినిపించా, షార్ట్ ఫిల్మ్ లాగారు అన్నోడు పాస్‌పోర్ట్ పని మీద తిరుగుతున్నాడు, వాడికి వెంటనే ఎక్కింది, గ్లోరియస్ మళ్ళీ పెట్టమన్నాడు.

నిన్న జాన్ డైస్ ఎట్ ది ఎండ్ చూశాం. నిద్రపోయేవాడు కూడా మేలుకునే ఉన్నాడు ఈసారి. ఇవాళ పొద్దున సాంబార్‌కి కూరగాయలు తరగమంటే వంటింట్లోంచి మునక్కాయ చెవికి పెట్టుకుని బయటికొచ్చి, రేయ్ నీకే ఫోన్, అర్జెంటట అని నా చేతికిచ్చాడు. నేను హలో అన్నాను కూడా.