పాత పికప్ ముందు బ్రేకు పట్టేస్తోంది: కాలిపర్ మార్చాలా, ముందు నిప్పల్ విప్పి చూడాలా?

అంబాజీపేట కొబ్బరి బండి
నాది 2007 మోడల్ డీజిల్ పికప్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. అంబాజీపేట నుంచి రాజమండ్రికి కొబ్బరికాయలు తోలుతాను. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కేసరికి బండి ఎడమకి లాగుతోంది. వేమగిరి దగ్గర ఆపి చూస్తే ఎడమ ముందు చక్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది, కాలిన వాసన. అరగంట ఆగితే దానంతటదే వదులుతుంది. నెల క్రితమే ప్యాడ్లు, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగం) పిస్టన్ కిట్టు వేయించాను. మూడు వారాలకే మళ్లీ మొదలైంది. ఒక మెకానిక్ కాలిపర్ మొత్తం మార్చమంటున్నాడు, ఇంకొకాయన మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగం) అంటున్నారు. రెండూ కొనే స్తోమత నాకు లేదండి. దేనికి డబ్బు పెట్టాలి?

నరసాపురం చేపల లోడు
కాలిపరేనండి, అనుమానం వద్దు. పదిహేనేళ్లుగా చేపలూ రొయ్యలూ తోలుతున్నాను. ట్రేల నుంచి ఉప్పునీళ్లు కారుతూనే ఉంటాయి, పైగా మన సముద్రపు గాలి. కాలిపర్ జరిగే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. పిన్ను కదలకపోతే బయటివైపు ప్యాడు డిస్కును వదలదు. మీకు కిట్టు వేసినవాళ్లు పిన్నులు ఊడదీసి శుభ్రం చేశారా? మా బండ్లలో ఎప్పుడు చూసినా ఇదే తేలింది.

భీమవరం షెడ్డు
నరసాపురం అన్నగారి అనుభవాన్ని కాదనను. ఉప్పునీళ్ల దగ్గర తిరిగే బండ్లలో పిన్నులు పోవడం నేనూ రోజూ చూస్తున్నాను. కానీ అంబాజీపేట వారి బండి విషయంలో రెండు సంగతులు నన్ను ఆపుతున్నాయి. పిస్టన్ కిట్టు వేసిన మూడు వారాలకే మళ్లీ వచ్చింది. ఆగితే దానంతటదే వదులుతోంది. పిన్నులు పట్టేసినా చల్లారాక కొంత వదలవచ్చు, నిజమే. అయితే లైనులో ఎక్కడో ప్రెషర్ ఇరుక్కుని మెల్లగా దిగినా ఇలాగే ఉంటుంది. ఈ రెండింటినీ వేరుచేసే పరీక్షకు పైసా ఖర్చు లేదు. అది చేయకుండా కాలిపర్ కొనవద్దు.

వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు జాకీ ఎత్తి, కింద స్టాండు తప్పకుండా పెట్టండి. ఒట్టి జాకీ మీద చక్రం విప్పవద్దు. ఇంజన్ స్టార్టు చేసి పెడల్ గట్టిగా నాలుగైదుసార్లు తొక్కి వదలండి. చక్రం చేత్తో తిరగకుండా పట్టేసి ఉండాలి. పట్టేయని చక్రం మీద ఈ పరీక్ష ఏమీ చెప్పదు, అందుకే చల్లారి వదిలేసిన బండిని షెడ్డులో చూసి చాలామంది పొరబడతారు. పట్టేశాక కాలిపర్ మీద గాలి తీసే చిన్న మర, అంటే నిప్పల్‌ను కొంచెం వదులు చేయండి. బ్రేకాయిల్ చిమ్మి చక్రం వదిలితే కాలిపర్ నిర్దోషి, ప్రెషర్ పైనుంచి వెనక్కి వెళ్లడం లేదని అర్థం. నిప్పల్ విప్పినా చక్రం బిగిసే ఉంటే పిస్టనో పిన్నులో, అప్పుడు అన్నగారి మాటే నిజం.

ఆయిల్ చిమ్మి వదిలితే మళ్లీ పెడల్ తొక్కి పట్టేయించండి. ఈసారి ఛాసిస్ దగ్గర ఇనుప పైపు, రబ్బరు హోస్ కలిసే జాయింటును వదులు చేయండి. చక్రం వదిలితే ప్రెషర్ పైన ఉంది: మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్లే సన్నటి రంధ్రం మూసుకుపోవడమో, పెడల్ బలాన్ని పెంచే బూస్టర్ పుష్‌రాడ్‌కు ఆట లేకపోవడమో. వదలకపోతే తప్పు హోస్‌దే. బయటికి కొత్తదానిలా కనిపించే హోస్ లోపల రబ్బరు ఉబ్బి దారి మూసేస్తుంది. కాలి బలానికి ఆయిల్ వెళ్తుంది, వెనక్కి వచ్చే బలం మాత్రం దానికి చాలదు. మాస్టర్ సిలిండర్ తప్పయితే మామూలుగా ఒక్క చక్రం కాదు, రెండు ముందు చక్రాలూ వేడెక్కుతాయి.

నరసాపురం చేపల లోడు
చెప్పడం సులువే. మా బండికి ఇలాగే విప్పబోతే నిప్పల్ తుప్పు పట్టి కాలిపర్‌లోనే విరిగింది. ఆ రోజు కిరాయి పోయింది, కాలిపర్ ఎలాగూ కొన్నాను. ఉన్న బండిని పరీక్ష పేరుతో పాడుచేయడం కంటే పిన్నులు ముందు చూడటం మేలు.

భీమవరం షెడ్డు
ఆ బాధ నిజమే. అందుకే ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ పోసి ఉంచాలి, సరిపోయే రింగు స్పానరే వాడాలి. కదలకపోతే బలవంతం చేయవద్దు, వదిలేసి హోస్ జాయింటు దగ్గర చూడండి. పిన్నులు ముందు చూడటానికీ అభ్యంతరం లేదు, చక్రం విప్పాక పది నిమిషాల పని. కాకపోతే వాటికి ఇంజనాయిల్, మామూలు గ్రీజు రాయవద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేకులకని అమ్మే గ్రీజే రాయాలి. హోస్‌ను ప్లయర్‌తో నొక్కి, ఆ చక్రానికి బ్రేకు లేకుండా చేసి లోడుతో ఇంటికి తోలుకొచ్చే పద్ధతి కొందరు చెబుతారు. దయచేసి అది చేయకండి. మిగిలిన ముందు బ్రేకు ఒక్కటే పడితే బండి అటు ఈడ్చుకుపోతుంది.

అంబాజీపేట కొబ్బరి బండి
ఈ ఆదివారం చేయించాను. పిన్నులు ముందు చూశాం, రెండూ సాఫీగా జరిగాయి. చక్రం పట్టేయించి నిప్పల్ విప్పితే ఆయిల్ సర్రున చిమ్మి చక్రం వదిలింది. రెండోసారి పైన జాయింటు విప్పితే వదల్లేదు. హోసే. తీసి చూస్తే హోస్‌ను మధ్యలో పట్టుకునే ఇనుప క్లిప్పు లోపల తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి రబ్బరును పిసికేసింది. అంటే నరసాపురం వారు చెప్పిన తుప్పే కారణం, చోటు మాత్రం వేరు. రెండు వైపులా హోసులు మార్చి, కొత్త డాట్ 4 బ్రేకాయిల్ పోసి గాలి తీయించాను. నిన్న లోడుతో రాజమండ్రి వెళ్లొచ్చాను, రెండు చక్రాలూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.

నరసాపురం చేపల లోడు
సంతోషమండి. క్లిప్పులో తుప్పు సంగతి నాకు తెలియదు. రేపు మా బండిది విప్పి చూస్తాను. మీ పిస్టన్ బూటు (దుమ్ము చొరకుండా ఉండే రబ్బరు తొడుగు) మాత్రం ఆ వేడికి గట్టిపడి ఉంటుంది, చీలిందేమో ఒకసారి చూసుకోండి.