మడత మొబిలిటీ స్కూటర్‌తో శంషాబాద్ నుంచి ప్రయాణం: 262 వాట్ అవర్ల బ్యాటరీని విమానంలోకి అనుమతిస్తారా?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 67 సంవత్సరాలు. మర్రిగూడలో పుట్టి, పెరిగి, దశాబ్దాల పాటు అక్కడి బోరు నీళ్లే తాగడం వల్ల ఫ్లోరోసిస్ సోకి, ఆమె వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఇప్పుడు ఇంటికి కృష్ణా నీళ్లు వస్తున్నా, బిగుసుకున్న కీళ్లు తిరిగి సాగవు కదా. నిరుడు కొన్న మడత మొబిలిటీ స్కూటర్ (నడవలేనివారు కూర్చుని నడుపుకునే చిన్న బ్యాటరీ బండి) వల్లనే ఆమె మళ్లీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుడికీ, అంగడికీ వెళ్లగలుగుతున్నారు.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలి కాన్పు కోసం వచ్చే నెల మేమిద్దరం శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా బయలుదేరుతున్నాము. స్కూటర్ బ్యాటరీ చేత్తో ఊడదీయగలిగినదే. దాని మీద 25.2 వోల్టులు, 10.4 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని ఉన్నది. టికెట్లు తీసిన ఏజెంటు మాత్రం 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని విమానంలోకి రానివ్వరని, స్కూటర్‌ను ఇంట్లో వదిలి రమ్మని అంటున్నారు. ఇది నిజమేనా? అమ్మ అక్కడ ఆరు నెలలు ఉండాలి కనుక అదే రకం బ్యాటరీ మరొకటి కొన్నాము; దానిని కూడా తీసుకుపోవచ్చునా?

జవాబు 1 (జడ్చర్ల నుంచి)

మీ ఏజెంటు చెప్పిన నియమం ఉన్నమాట నిజమే గాని, అది మీ అమ్మగారికి వర్తించేది కాదు. పవర్ బ్యాంకులు, కెమెరా బ్యాటరీల వంటి వాటికి 100 వాట్ అవర్ల వరకు సాధారణంగా అనుమతి ఉంటుంది. ఆపైన 160 వరకు విమాన సంస్థ ఒప్పుకోవాలి. నడవలేని వారి చక్రాల కుర్చీలకు, మొబిలిటీ స్కూటర్లకు అంతర్జాతీయ నియమాలలో విడిగా మినహాయింపు ఉన్నది. ఊడదీసే లిథియం బ్యాటరీ ఒక్కటే అయితే 300 వాట్ అవర్ల వరకు, బండి రెండు బ్యాటరీలతో నడిచేదైతే ఒక్కొక్కటి 160 వరకు ఉండవచ్చు. వోల్టులను ఏహెచ్‌తో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి; మీది 262 అవుతుంది కనుక పరిమితి లోపలే ఉన్నది. 300 దాటని అదనపు బ్యాటరీ ఒకదానిని కూడా అనుమతిస్తారు.

అయితే విమాన సంస్థ ముందస్తు అంగీకారం తప్పనిసరి. నా భార్య పోలియో వల్ల ఇటువంటి బండినే వాడుతుంది. ఒకసారి కౌంటర్ వద్ద ఉద్యోగి బ్యాటరీని లగేజీ పెట్టెలో పెట్టి ఇచ్చేయమన్నారు. అది పూర్తిగా తప్పు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ప్రయాణికుల మధ్య ఉన్నప్పుడు పొగ కనబడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. కింద సామాను గదిలో చేరి చూసేవారు ఉండరు. అందుకే ఊడదీసిన బ్యాటరీ మనతో పాటు పైకే రావాలి. మా దగ్గర అంగీకారం తెలిపే ఈమెయిల్ కాగితం మీద ఉండబట్టి, పై అధికారి వచ్చి చదివి, ముప్పావుగంట తర్వాత పంపించారు. ఆ ముప్పావుగంటా నా భార్య అందరి ముందూ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిన బాధను నేను మరచిపోలేదు. ఆ కాగితం లేకుండా ఇల్లు కదలకండి.

జవాబు 2 (షాద్‌నగర్ నుంచి, శంషాబాద్‌లో సామాను ఎక్కించే విభాగంలో పనిచేశాను)

పై వారు చెప్పినది సరైనదే. దానికి ఒక మాట జోడిస్తాను. ఫోనులోనైనా, ఈమెయిల్‌లోనైనా ఉత్త 'స్కూటర్' అనకండి. మన దగ్గర స్కూటర్ అంటే రోడ్డు మీద నడిచే బండి అనే అర్థం ముందు తడుతుంది. వినేవారు నిలబడి నడిపే విద్యుత్ బండి అనుకున్నా వెంటనే కుదరదు అంటారు. 'మడత మొబిలిటీ స్కూటర్, చక్రాల కుర్చీ వంటి సహాయక పరికరం' అని రాయండి. బుకింగ్‌లో డబ్ల్యూసీఎల్‌బీ అనే సంకేతం చేర్చమని అడగండి. లిథియం బ్యాటరీతో నడిచే కుర్చీకి వాడే గుర్తు అదే. మడిచినప్పటి పొడవు, వెడల్పు, ఎత్తు, బ్యాటరీ లేకుండా బరువు, బ్యాటరీ వాట్ అవర్లు, యూఎన్ 38.3 (లిథియం బ్యాటరీల రవాణా భద్రత) పరీక్ష కాగితం జతచేసి, కనీసం 48 గంటల ముందు పంపండి. వారం ముందైతే ఇంకా మంచిది. సదరం సర్టిఫికెట్ నకలు కూడా దగ్గర ఉంచుకుంటే మాట తేలికగా నడుస్తుంది.

బండ్లు దెబ్బతినేది ఎక్కువగా మడత తెలియని చేతులలోనే. హ్యాండిల్ పట్టుకుని ఎత్తితే విరిగేది ఏదో, ఎత్తడానికి పట్టుకోవలసిన చోటు ఏదో లోడర్‌కు తెలియదు. ఎక్కడ పట్టుకోవాలో రంగు టేపు చుట్టి, మడిచే విధానం బొమ్మలతో ఒక కాగితం మీద గీసి బండికే అంటించండి. బుట్ట, మెత్త, తాళంచెవి వంటి ఊడే వస్తువులన్నీ మీ సంచిలో పెట్టుకోండి. బ్యాటరీ కొనలకు ఇన్సులేషన్ టేపు చుట్టి, ఒక్కొక్క దానిని విడివిడి సంచిలో ఉంచండి.

జవాబు 3 (దేవరకొండ వాసిని, ప్రస్తుతం అమెరికాలో)

గల్ఫ్‌లో మారే చోట విమానం తలుపు దగ్గరే బండిని తిరిగి ఇవ్వాలని ముందే అడగాలా, లేక డాలస్ వరకు పంపేయాలా అన్నది మీరు నిర్ణయించుకోవాలి. మధ్యలో నాలుగు గంటల కంటే తక్కువ సమయం ఉంటే నేను డాలస్ వరకే పంపిస్తాను. ఒకసారి ఎక్కువ దింపడం, ఎక్కించడం అంటే ఒకసారి ఎక్కువ దెబ్బ తగిలే అవకాశం. పైగా ఆ కొద్దిసేపటికి విమానాశ్రయం వారి చక్రాల కుర్చీ సరిపోతుంది.

ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. విమాన ప్రయాణాల పరిహారాన్ని నిర్ణయించే అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను దెబ్బతింటే పరిహారం ఒక్కో ప్రయాణికునికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క కొలమానం) దాటదు; బండి విలువ అంతకు మించితే చెక్-ఇన్ సమయంలోనే ప్రత్యేక విలువ ప్రకటన చేసి, అడిగితే అదనపు రుసుము కట్టాలి. దెబ్బ కనబడితే ఏడు రోజులలోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అమెరికాకు వచ్చే విమానాలలో, అవి విదేశీ సంస్థలవైనా సరే, సహాయక పరికరాన్ని సామాను లెక్కలో కలపరాదని ఇక్కడి నియమం. ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉన్నదో లేదో చూసుకోండి; ఇక్కడ ఇళ్లలో వచ్చేది 120 వోల్టులే.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఛార్జర్ మీద 100 నుంచి 240 అనే ఉన్నది. విమాన సంస్థకు ఈ రోజే కొలతలతో, బ్యాటరీ ఫొటోతో ఈమెయిల్ పంపాను. మాకు మధ్యలో మూడు గంటలే ఉన్నాయి కనుక బండిని డాలస్ వరకే పంపుతాము. మడిచే విధానం కాగితం మీద గీసే పని అమ్మే తీసుకున్నారు. ఆ బండి సంగతి ఇంట్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.